అరవయ్యో జత

"ఎండీ గారి కాలు పోయింది," అన్నాడు ఓనరు ఫోన్లో.

"ఎక్కడికి పోయింది సార్?" అంది టేపక్క.

"వెటకారాలొద్దు! అరగంట వేసుకుని నడిచేసరికి బొబ్బలెక్కిపోయిందట. గోడ పట్టుకుని మీటింగుకి వచ్చాడట. మన బూట్ల వల్ల. అంటే నీ కొలతల వల్ల!"

గురువారం మధ్యాహ్నం మూడు నలభై. శనివారం ఉదయం ఆరింటికి కొండ ఎక్కాలి. మధ్యలో ఉన్నది ఒక్క శుక్రవారం.

"బూట్లు నీ దగ్గరికి పంపిస్తున్నారు. రేపు పదకొండింటికి ఆయన ఆఫీసులో సమాధానం చెప్పాలి. చెప్పలేకపోతే ఎల్లుండి నుంచి నువ్వు షాపుకి రానక్కర్లేదు."

"మిగతా యాభై తొమ్మిది జతలూ బాగానే ఉన్నాయి కదా సార్?"

"యాభై తొమ్మిది మంది కాళ్లు నాకెందుకమ్మా? అరవయ్యోది చూడు!"

ఫోన్ పెట్టేశాడు.

టేపక్కకి ఆ పేరు రావడానికి కారణం ఆమె మెడలో ఎప్పుడూ వేలాడే కొలత టేపు. కొండలెక్కేవాళ్ల బూట్లు అమ్మే ఆ షాపులో పదిహేడేళ్లుగా కొలతలు తీస్తోంది. ఇంతవరకూ ఒక్క జత కూడా వెనక్కి రాలేదు. ఎవరైనా పొద్దున్నే వచ్చి బూట్లు చూపించమంటే, "పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది. అప్పుడు రండి," అని తిప్పి పంపేస్తుంది. సాయంత్రం వచ్చినవాడికి బరువైన సంచీ వీపుకి తగిలించి, షాపు మధ్యలో ఉన్న చెక్క ఏటవాలు మీద పైకీ కిందికీ నడిపిస్తుంది. దిగేటప్పుడు బొటనవేలు బూటు ముక్కుకి తగిలిందా, ఆ జత మళ్లీ అలమరలోకే. ఆమె వల్ల పోయిన బేరాల గురించి ఓనరు తన భార్యకి రోజూ చెప్పుకుంటాడు. ఆమె వల్ల వచ్చే బేరాల గురించి మాత్రం ఎవరికీ చెప్పడు.

ఈ అరవై జతల బేరం మూతల కంపెనీది. సీసాల మూతలు చేసే ఆ కంపెనీ ఎండీకి, నాయకుడంటే అందరికంటే ముందు నడిచేవాడని ఒక రోజు హఠాత్తుగా తట్టింది. మూతల వ్యాపారంలో నడిచే పని లేదు కాబట్టి కొండ ఒకటి ఎంచుకున్నాడు. 'నాయకత్వ యాత్ర' అని దానికి పేరు పెట్టాడు. అరవై మంది, ఒకే రంగు బూట్లు, ముందు ఎండీ.

అరవై మందీ షాపుకి రావడం కుదరదన్నారు. అందుకని టేపక్క అరవై కాగితాలు పంపింది. సాయంత్రం పూట, సాక్సు విప్పి, వీపుకి బరువు తగిలించుకుని, రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడి, పక్కవాళ్లతో పాదం చుట్టూ పెన్సిలు గీయించుకోవాలి. కింద సంతకం పెట్టాలి. కాగితాలన్నీ వచ్చాయి. ఎండీ కాగితం మాత్రం ప్లాస్టిక్ కవర్లో వచ్చింది.

ఇప్పుడు ఆయన బూట్లు కూడా కవర్లోనే వచ్చాయి.

టేపక్క వాటిని కౌంటరు మీద పెట్టి దీపం దగ్గరికి లాక్కుంది. తొమ్మిది నంబరు. ముందు వేలితో బూటు ముక్కు లోపల తడిమింది. లైనింగు చెదిరిపోయి ఉంది. వేళ్లు గుద్దుకున్నాయి. సరే, బూటు చిన్నదై ఉంటుంది. తర్వాత మడమ దగ్గర చూసింది. అక్కడ కూడా లైనింగు ఒరుసుకుపోయి ఉంది. మడమ పైకి లేచి లేచి పడింది. అంటే బూటు పెద్దదన్నమాట.

ఒకే బూటు అరగంట నడకలో చిన్నదీ పెద్దదీ ఎలా అవుతుంది?

ఇంకొకటి కూడా ఉంది. మడమ ఒరుసుకున్న చోటు ఉండాల్సిన దానికంటే అంగుళమున్నర పైన ఉంది. మడమని పట్టి ఉంచడానికి మెత్తటి గుంట ఉన్నది కింద. ఈయన మడమేమో మేడమీద కాపురం పెట్టింది.

బూటు బోర్లించి దులిపింది. ఏమీ రాలేదు. రావాల్సింది ఒకటుంది. ఇన్‌సోల్, అంటే పాదం కింద పరిచే మెత్తటి అట్ట. రెండు బూట్లలోనూ అది లేదు. ఎవరో పీకేశారు. దాని చోట వెనకవైపు, వేలికి అంటుకునే జిగురు మరక మిగిలింది.

టేపక్క బీరువాలోంచి ఎండీ కాగితం తీసింది. సన్నగా పొడుగ్గా ఉన్న పాదం. బొటనవేలికంటే పక్కవేలు పొడవు. కుడికాలి చిటికెనవేలు మాత్రం పక్కింట్లోకి తొంగిచూస్తున్నట్టు బయటికి వంగి ఉంది. కింద ఎండీ సంతకం.

ఆ చిటికెనవేలిని ఎక్కడో చూసినట్టే ఉంది ఆమెకి. ఎక్కడో మాత్రం గుర్తు రాలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

*

ఇంటికెళ్లేసరికి ఆరున్నర. వంటింట్లో నిలబడి టీ పోసుకుంటుంటే ఆమె మరిది స్నానాల గదిలోంచి వచ్చి, తుడుచుకోని కాళ్లతో నడవా అంతా తడి చేసుకుంటూ తన గదిలోకి పోయాడు.

"కాళ్లు తుడుచుకోమని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?" అని తిట్టడానికి నోరు తెరిచింది టేపక్క.

తిట్టు బయటికి రాలేదు. నడవాలో ఎర్ర గచ్చు మీద తడి అడుగులు వరసగా ఉన్నాయి. సన్నగా, పొడుగ్గా. కుడి అడుగు పక్కన విడిగా ఒక చుక్క.

టీ గ్లాసు కింద పెట్టింది. బ్యాగులోంచి కాగితం తీసి అడుగు పక్కన పరిచింది. తడి ఆరిపోయేలోపు టేపు కూడా పెట్టి చూసింది. ఒక్క నూలుపోగు కూడా తేడా లేదు. మూడేళ్ల కిందట ఆ చిటికెనవేలు ఆమె మంచం కోడుకే తగిలి విరిగింది. కట్టు కట్టించింది కూడా ఆమే.

"ఇటురా నాయనా," అంది.

మరిది తల తుడుచుకుంటూ వచ్చాడు. నేల మీద కాగితం చూడగానే తువ్వాలు తల మీదే ఆగిపోయింది.

అతను మూతల కంపెనీలో ఎండీకి సహాయకుడు. ఆఫీసులో అందరూ అతన్ని 'బదులు' అంటారు. ఎండీ బదులు పరామర్శలకి వెళ్తాడు. ఎండీ బదులు క్యూలో నిలబడతాడు. ఎండీ కొడుకు బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లి, ఆ పిల్లాడికి లెక్కలు రావని టీచరు చేత తిట్లు తిని వస్తాడు. ఎండీని ఉప్పు తగ్గించమని డాక్టరు చెబితే, తగ్గించింది ఇతనే.

"ఇది ఎవరి కాలు?" అంది టేపక్క.

"ఎండీ గారిది వదినా. సంతకం ఉంది చూడు."

"సంతకం సంగతి తర్వాత. కాలెవరిదీ?"

"...నాదే."

"సంతకం?"

"అదీ నాదే."

టేపక్క మెడలోంచి టేపు తీసి అతన్ని దాంతో ఒక్కటిచ్చింది. అది తగిలినా తగలనట్టే ఉంటుంది కాబట్టి రెండోది కూడా ఇచ్చింది.

"నన్నేం చెయ్యమంటావ్ వదినా? కాగితం తీసుకెళ్లి పెట్టాను. నువ్వే నిలబడు, కాలు కాలే కదా అన్నారాయన. అరవై జతల బేరం ఇప్పించింది నేను. కాదంటే ఆ బేరం కూడా పోయేది."

"ఆయన బూట్లు ఏ నంబరో కూడా చూడలేదా?"

"ఎలా చూస్తాను? ఏడేళ్లలో ఆయన్ని చెప్పుల్లేకుండా ఒక్కసారి చూడలేదు. ఎవరింటికైనా వెళ్లినా గుమ్మం దగ్గర బూట్లు విప్పాల్సొస్తుందని బయటే నిలబడి మాట్లాడి వచ్చేస్తారు. ఆఫీసులో కొత్త కార్పెట్ వేసినప్పుడు అందరినీ విప్పమని ఆయనే నోటీసు పెట్టించారు. ఆయన మాత్రం విప్పలేదు."

టేపక్క చేతిలో టేపు ఆగిపోయింది. పీకేసిన అట్ట. జిగురు మరక. మేడ మీద కాపురమున్న మడమ. మూడూ ఒక్కసారే వచ్చి పక్కపక్కన కూర్చున్నాయి.

"ఆయన పొడవెంత?"

"మంచి పొడగరి. నా అంత ఉంటారు."

"ఊఁ," అంది టేపక్క. "బూట్లతో."

మరిదికి అది ఎక్కలేదు. అతని భయం అతనిది.

"వదినా, రేపు ఆ కాగితం నాదని చెప్పావో, సంతకం కూడా నాదేనని తేలుతుంది. నా ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది."

"చెప్పకపోతే నాది పోతుంది."

ఇద్దరూ నేల మీద కాగితాన్నే చూస్తూ నిలబడ్డారు. పక్కనున్న తడి అడుగు ఆరిపోతోంది.

"మీ అన్నయ్యకి చెప్పకు," అంది చివరికి. "ముందు ఆ కాళ్లు తుడుచుకో."

*

శుక్రవారం పదకొండింటికి ఎండీ గదిలో నలుగురు నిలబడ్డారు. ఎండీ మాత్రం కూర్చున్నాడు. నిలబడేలా లేడు. ఒక పక్క షాపు ఓనరు, ఇంకోపక్క ఎత్తు మడమల చెప్పుల్లో హెచ్ఆర్ మేడమ్, తలుపు దగ్గర గోడలో కలిసిపోవడానికి ప్రయత్నిస్తున్న మరిది. మధ్యలో, రెండు బూట్ల పెట్టెలు చంకలో పెట్టుకుని టేపక్క.

"అరవై మందిని నడిపించాల్సినవాణ్ణి," అన్నాడు ఎండీ. "బాత్రూమ్ దాకా నడవలేకపోతున్నాను. ఇవి బూట్లా, బోనులా?"

"తప్పు మా వైపే సార్," అన్నాడు ఓనరు, ఇంకా ఎవరూ అడక్కముందే. "ఈవిడ్ని ఇవాళే తీసేస్తున్నాం."

"ఒక్క ప్రశ్న సార్," అంది టేపక్క. "బూటు లోపలి అట్టలేవి?"

ఎండీ ముఖంలో ఏదో కదిలి వెంటనే సర్దుకుంది. "ఏ అట్టలు?"

"మేం ఇచ్చినవి. రెండూ లేవు. వాటి చోట వేరే ఏవో పెట్టి, తర్వాత తీసేశారు. జిగురు ఉండిపోయింది."

"ఫ్యాక్టరీ వాళ్లే పెట్టి ఉండరు," అన్నాడు ఓనరు.

"నేనే పెట్టాను సార్. నా చేత్తో."

"అంటే సార్ అబద్ధం చెబుతున్నారా?" అంది హెచ్ఆర్ మేడమ్.

గదిలో గాలి బిగుసుకుపోయింది. మరిది కళ్లు మూసుకున్నాడు. టేపక్క బల్ల మీదికి వంగి, ఎండీకి మాత్రమే వినపడేలా అంది. "వేరేవాటి మందం అంగుళమున్నర సార్. వెనక ఎక్కువ, ముందు తక్కువ. అవి ఏ షాపులో దొరుకుతాయో, ఎవరు కొంటారో కూడా నాకు తెలుసు. ఇక్కడ చెప్పమంటారా, అందరూ వెళ్లాక చెప్పమంటారా?"

ఎండీ ఆమె ముఖంలోకి మూడు క్షణాలు చూశాడు.

"అందరూ బయటికి," అన్నాడు.

"సార్, నేను కూడానా?" అంది హెచ్ఆర్ మేడమ్.

"మీరే ముందు."

తలుపు మూసుకుంది. టేపక్క దాని బోల్టు పెట్టింది. తర్వాత వచ్చి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. "విప్పండి సార్."

ఆయన కిటికీ వైపు చూస్తూ విప్పాడు. నల్లటి ఆఫీసు బూటులోంచి పాదంతో పాటు, దొంగ ఇంట్లోంచి సామాను బయటపడ్డట్టు, రబ్బరు దిమ్మె ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. టేపక్క దాన్ని పక్కన పెట్టింది. పాదం ఏడు నంబరు. అంతకంటే ఎక్కువ ఉండే అవకాశమే లేదు. ముందువైపు వెడల్పు, చేటంత. బొటనవేలి గోరు నల్లబడింది. మడమ పైన రూపాయి బిళ్లంత బొబ్బ.

"వెడల్పు పాదం సార్ మీది. దాన్ని సన్నపాదం వాడి పొడుగు బూట్లో పెట్టారు. కింద దిమ్మె వేసి మడమని పైకి లేపారు. దిగేటప్పుడు పాదం జారుడుబల్ల ఎక్కింది. వేళ్లెళ్లి ముక్కుకి గుద్దుకున్నాయి. మడమని పట్టుకునేదేమీ లేక అది గాల్లో ఊగింది. అరగంటకే ఇలా ఉంటే, ఆరు గంటలకి గోళ్లన్నీ సాక్సులోనే మిగిలేవి."

"అంటే కాగితం గీసినవాడిది తప్పు," అన్నాడు ఎండీ.

"మిమ్మల్ని గియ్యమన్నాను సార్. మీరు అతన్ని నిలబడమన్నారు."

"వాడి కాళ్లు అంత పొడవని నాకేం తెలుసు? చెప్పద్దూ? అది వాడి తప్పు కాదా?"

టేపక్క బ్యాగు తెరిచింది. బొబ్బ చుట్టూ గుండ్రంగా కత్తిరించిన మెత్తటి పట్టీ అంటించింది. మందపాటి సాక్సు తొడిగింది. రెండో పెట్టెలోంచి, లైనింగు మీది గుర్తుల్ని బట్టి ఊహించి తెచ్చిన ఏడు నంబరు వెడల్పు జత తీసి, తాడు వదులు చేసి పాదం లోపలికి తోసింది. మడమని నేలకేసి రెండుసార్లు తట్టింది. చీలమండ దగ్గర తాడు రెండు మెలికలు వేసి మడమని గుంటలోకి బిగించింది. ముందువైపు మాత్రం వేళ్లు ఆడేలా వదులుగా వదిలేసింది.

"లేచి మెట్ల మీద ఒకసారి దిగి ఎక్కి రండి."

"దిమ్మె?"

"దిమ్మె ఉంటే కొండ దిగలేరు. కొండ దిగాలంటే దిమ్మె దిగాలి. రెండింట్లో ఒకటి."

"రేపు ఫోటోలు తీస్తారు," అన్నాడు ఎండీ. ఆ గొంతు ఇందాకటి ఎండీది కాదు. "అరవై మంది చూస్తారు."

"మిమ్మల్ని మోసుకొస్తే కూడా చూస్తారు సార్."

ఆయన నేల మీది దిమ్మెని కాలితో కుర్చీ కిందికి తోశాడు. తర్వాత లేచాడు. ఆయన గదికి వెనక వైపు ఒక తలుపు, దాని బయట ఎవరూ వాడని అత్యవసర మెట్లు ఉన్నాయి. ఒక అంతస్తు దిగాడు. ఎక్కాడు. ఎందుకో మళ్లీ దిగాడు. మూడోసారి వచ్చాక గడప మీద ఆగి పాదాలు చూసుకున్నాడు.

"నొప్పి లేదు," అన్నాడు, ఎవరో తనని మోసం చేసినట్టు. "పాతికేళ్లయింది."

తర్వాత వెంటనే ఎండీ అయిపోయాడు. "ఈ సంగతి బయటికి పొక్కితే..."

"పొక్కదు సార్. నాకు రెండే కావాలి. షాపు తప్పు లేదని మీ పేరు మీద ఉత్తరం. అందులోనే ఇంకో వాక్యం కూడా ఉండాలి, కొలతకి కాలి సొంతదారే రావాలని. రెండోది, కాగితం మీద నిలబడ్డ అబ్బాయి జోలికి ఎవరూ పోకూడదు. ఉద్యోగం అతనిదీ ఉండాలి, నాదీ ఉండాలి."

"సరే. ఉత్తరం రాయిస్తాను."

"ఎవరితో సార్?"

ఎండీ ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు.

*

శనివారం ఉదయం కొండ కింద యాభై తొమ్మిది మంది వరసలో ఉన్నారు. పట్టీలు, కత్తెర, అదనపు తాళ్లున్న సంచీతో టేపక్క చివర్న నిలబడింది. ఆమె ఉద్యోగం ఇంకా కొండ అవతలే ఉంది. ఎండీ కుంటకుండా దిగివస్తేనే ఉంటుందని ఓనరు పొద్దున్న కూడా చెప్పాడు.

కారు ఆగింది. ఎండీ దిగాడు. మామూలుగా దిగేదానికంటే కాస్త ఎక్కువ కిందికి దిగాడు.

నూట పద్దెనిమిది కళ్లు ఆయన తల ఎప్పుడూ ఉండే చోట చూశాయి. అక్కడ ఆకాశం ఉంది. కళ్లన్నీ మెల్లగా కిందికి జారి సరైన చోట ఆగాయి. ఎవరూ దగ్గలేదు కూడా.

"సార్ ఇవాళ చాలా... చలాకీగా ఉన్నారు," అంది హెచ్ఆర్ మేడమ్. ఆమె అతికష్టం మీద ఆ మాట వెతుక్కుంది.

"నేల అక్కడ పల్లంగా ఉన్నట్టుంది," అన్నాడు ఒక మేనేజరు పక్కవాడితో. ఎండీ నాలుగడుగులు ముందుకొచ్చాడు. "అక్కడ కూడా," అన్నాడు పక్కవాడు.

ఎండీ నడిచాడు. నిజంగానే ముందు నడిచాడు. మొదటి గంటకే హెచ్ఆర్ మేడమ్ ఒక రాయి మీద కూలబడింది. ఇచ్చిన బూట్లు వారం రోజులు ఇంట్లో తొడుక్కుని తిరగమని టేపక్క చీటీ పెట్టింది. ఆవిడ వాటిని ఈ ఉదయమే పెట్టెలోంచి తీసింది. ముగ్గురు మేనేజర్లు పల్చటి సాక్సుతో వచ్చి, పట్టీల కోసం టేపక్క వెనక వరస కట్టారు. ఎండీ మాత్రం శిఖరం ఎక్కి, దిగి, అందరి కంటే ఇరవై నిమిషాలు ముందు కారు దగ్గరికొచ్చి ఈల వేస్తూ కనిపించాడు.

శిఖరం మీద ఫోటో దిగేటప్పుడు పొడుగువాళ్లంతా ఎవరూ చెప్పకుండానే కూర్చున్నారు. కూర్చున్నా పొడుగ్గా కనిపించిన ఒకణ్ణి పడుకోమన్నారు.

*

సోమవారం ఉత్తరం వచ్చింది. కంపెనీ ముద్ర, రెండు వాక్యాలు, కింద సంతకం. ఆ సంతకం చివర తోక ఎలా మెలికపడుతుందో టేపక్కకి ఇప్పుడు బాగా తెలుసు. అయినా ఫ్రేము కట్టించి కౌంటరు వెనక తగిలించింది. పక్కనే నిలబడి ఓనరు ఒక ఫోటో కూడా దిగాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మరిది కుర్చీలో ఒక పక్కకి వాలి కూర్చున్నాడు.

"ఏమైందయ్యా?"

"నడుము పట్టేసింది వదినా. ఆఫీసులో అందరం కాస్త వంగి నడుస్తున్నాం."

"ఎవరు నడవమన్నారు?"

"ఎవరూ అనలేదు. ఆయన ఎత్తు... అదే, ఆయన ఇప్పుడు మామూలు బూట్లే వేసుకుంటున్నారు కదా. హెచ్ఆర్ మేడమ్ ఎత్తు మడమలు మానేసింది. మేనేజర్లయితే లిఫ్టులో మోకాళ్లు మడిచి నిలబడుతున్నారు. ఎండీ గారు మాత్రం పిల్లాడిలా గంతులేస్తూ మెట్లెక్కుతున్నారు."

గురువారం మధ్యాహ్నం మూతల కంపెనీ నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. పదమూడు మంది మేనేజర్లకి ఆఫీసు బూట్లు. అడుగు వీలైనంత పల్చగా ఉండాలట, కాగితమంత ఉన్నా ఫర్వాలేదట. కొలతల కాగితాలు జతచేశారు. సాయంత్రానికల్లా పంపమని ఓనరు చేతులు నలుపుకుంటూ చెప్పి వెళ్లాడు.

టేపక్క మొదటి కాగితం తీసింది. సన్నటి, పొడుగాటి పాదం, బయటికి వంగిన చిటికెనవేలు. రెండోది తీసింది. మూడోది తీసింది. పదమూడూ కౌంటరు మీద వరసగా పరిచి, కాసేపు వాటి ముందు నిలబడింది. తర్వాత ఫోన్ తీసింది.

"వదినా, తొందరగా చెప్పు, మీటింగులో ఉన్నాను. అంటే, ఆయన బదులు."

"ఒక్క మాటే. నీకు కాళ్లెన్ని?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"...రెండే వదినా."

"ఇక్కడ ఇరవై ఆరున్నాయి," అంది టేపక్క. "వాటి అసలు వాళ్లని సాయంత్రం షాపుకి రమ్మను. సాక్సు విప్పి. ఉత్తరం గోడ మీదుంది, కావాలంటే నీ సంతకం నువ్వే వచ్చి చూసుకో."